ట్యూషన్ ఫీజు ఒక బిస్కెట్టు!

మీకు తెలుసా? అమెరికాలోని దక్షిణ కరోలినాలో ఛేసర్ అనే బోర్డర్ కోలీ ఉండేది. దానికి 1,022 బొమ్మల పేర్లు వచ్చు! పేరు చెబితే చాలు, గుట్టలోంచి సరిగ్గా ఆ బొమ్మనే ఏరి తెచ్చేది. నేర్పింది జాన్ పిల్లీ అనే రిటైర్డ్ సైకాలజీ ప్రొఫెసరు, మూడేళ్లపాటు. కుక్కకు అన్నీ గుర్తున్నాయి గానీ ప్రొఫెసరుగారికి గుర్తుంటే కదా! ఆయన బొమ్మల మీద మార్కర్‌తో పేర్లు రాసుకునేవారు.

ఆగండి, అసలు తమాషా ఇప్పుడు. తెలిసిన బొమ్మల మధ్య ఓ కొత్త బొమ్మ పెట్టి, అంతకుముందెన్నడూ వినని 'డార్విన్' అనే పేరు చెప్పి తెమ్మన్నారు. ఛేసర్ కాసేపు తటపటాయించింది. తెలిసినవన్నీ వదిలేసి, తెలియనిదాన్ని నోట కరుచుకొచ్చింది. ఎలిమినేషన్ పద్ధతి! దానిచేత ఎంసెట్ రాయించాల్సింది.

కుక్కలకూ ర్యాంకులున్నాయని తెలుసా? స్టాన్లీ కోరెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దాదాపు 200 మంది పోటీ జడ్జీలను అడిగి, 1994లో మాట వినే జాతుల జాబితా వేశారు. ఫస్టు ర్యాంకు బోర్డర్ కోలీ. సెకండు ఎవరు? జర్మన్ షెపర్డా? కాదు, పూడిల్! అవును, ఆ ఉంగరాల జుట్టు సోకులరాణే. ఆ కటింగు కూడా సోకు కోసం పుట్టింది కాదు. నీళ్లలో ఈది వేటపక్షులను తెచ్చే పని దానిది. ఈతకు అడ్డురాకుండా జుట్టు కత్తిరించి, చలి తగలకుండా కీళ్ల దగ్గర ఉంచారంతే.

ఆ ఫస్టు బెంచీ జాతులకు కొత్త ఆజ్ఞ ఐదుసార్ల లోపే తలకెక్కుతుంది. చిట్టచివరి బెంచీ వాళ్లకో? 80 నుంచి 100 సార్లు చెప్పాలి. గొంతు మీది, ఓపిక మీది!

జాబితాలో అట్టడుగున ఉన్నది ఆఫ్ఘన్ హౌండ్. మరి 2005లో దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు ప్రపంచంలోనే మొదటిసారి ఓ కుక్కను క్లోనింగ్ చేశారు కదా, పేరు స్నప్పీ. అది ఏ జాతో తెలుసా? ఆఫ్ఘన్ హౌండే! ర్యాంకు చివరిదైతేనేం, జిరాక్సు తీసింది మాత్రం దానికే.

పావ్‌లోవ్ గంట కొడితే కుక్కకు లాలాజలం ఊరిందని బళ్లో చదువుకున్నాం కదూ? ఆయన ప్రయోగాల్లో ఎక్కువగా మోగింది గంట కాదు, సంగీతం నేర్చుకునేవాళ్లు తాళం కోసం వాడే మెట్రోనోమ్! పైగా ఆయనకు 1904లో నోబెల్ వచ్చింది ఈ పనికి కాదు, జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనకు. పేరంతా గంట కొట్టేసింది.

మీకు తెలుసా? ఇవాళ కుక్కల శిక్షణలో 'టిక్' మనిపించే క్లిక్కర్‌కు అంత పేరు తెచ్చిన కారెన్ ప్రయర్ అసలు వృత్తి డాల్ఫిన్లకు నేర్పడం! డాల్ఫిన్ మెడకు పట్టీ వేసి లాగలేం, కర్ర చూపి బెదిరించలేం. చెప్పినట్టు చేసిన క్షణంలో విజిల్, వెంటనే చేప. కుక్క దగ్గరికొచ్చేసరికి విజిల్ క్లిక్కర్ అయింది, చేప బిస్కెట్టు అయింది. కుక్కల శిక్షకులు ఇప్పటికీ చదివే ఆమె 1984 నాటి పుస్తకం పేరు 'డోంట్ షూట్ ద డాగ్'. తీరా తెరిస్తే అందులో డాల్ఫిన్ల దగ్గర్నుంచి భర్తల దాకా ఉన్నారు!

బిస్కెట్టు అనగానే లాబ్రడార్ తోకాడించింది చూశారా? దానికో కారణముంది, జన్యువుల్లో! 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు 310 లాబ్రడార్లను పరీక్షించారు. దాదాపు నాలుగోవంతు కుక్కల్లో పీఓఎంసీ అనే జన్యువు కొంత చెడిపోయి ఉంది. దాంతో కడుపు నిండిన కబురు మెదడుకు సరిగ్గా చేరదు, ఎంత తిన్నా ఆకలే. ఇప్పుడు గట్టిగా ఊపిరి పీల్చుకోండి. వికలాంగులకు సాయపడేందుకు ఎంపికైన లాబ్రడార్లలో చూస్తే ఆ మార్పు 76 శాతానికి ఉంది! అంటే, తిండి కోసం ఏదైనా నేర్చుకునేవాళ్లే ఆ ఉద్యోగానికి ఎక్కువగా పనికొచ్చారన్నమాట. తిండిపోతుతనం అర్హతైన ఉద్యోగం లోకంలో ఇదొక్కటే కాబోలు.

అంధులకు దారి చూపే కుక్క, ట్రాఫిక్ లైటు చూసి రోడ్డు దాటిస్తుందనుకుంటున్నారా? తప్పు! ఎర్రలైటూ పచ్చలైటూ దాని పని కాదు. వాహనాల చప్పుడు విని 'పద' అని చెప్పేది మనిషే. మరి కుక్క పనేంటి? ఆ మాట వినకపోవడం! కారు దూసుకొస్తుంటే యజమాని ఎంత చెప్పినా అడుగు కదపదు. ఆజ్ఞ పాటించడం ఒక ఎత్తు, ఎప్పుడు ధిక్కరించాలో నేర్పడం ఇంకో ఎత్తు. ఇలాంటి కుక్కలకు మొదటి బడి 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో, మొదటి ప్రపంచయుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం తెరిచారు. ఇంకో సంగతి: వీటికి ఒకటికీ రెంటికీ కూడా ఆజ్ఞ మీదే వెళ్లడం నేర్పుతారు. మన ఇళ్లలో రెండేళ్ల పిల్లలున్నవాళ్లు ఈ వాక్యం మళ్లీ చదువుకుంటారు!

ఇక ఆటల మైదానంలోకి పదండి. కర్రల మధ్య మెలికలు తిరుగుతూ, సొరంగాల్లో దూరుతూ, అడ్డంకులు దూకే అజిలిటీ పోటీ ఎలా పుట్టిందో తెలుసా? 1978లో లండన్‌లో క్రఫ్ట్స్ డాగ్ షో జరుగుతుంటే, మధ్యలో ఖాళీ సమయం వచ్చింది. జనం లేచి వెళ్లిపోకుండా గుర్రాలు అడ్డంకులు దూకే పోటీని చూసి కుక్కలచేత అలాంటిది ఆడించారు. ఇంటర్వెల్ ఐటమ్ కాస్తా అసలు సినిమాకంటే హిట్టయింది!

ఆ క్రఫ్ట్స్ షోను 1891లో మొదలుపెట్టిన ఛార్లెస్ క్రఫ్ట్ కుక్క బిస్కెట్ల కంపెనీలో సేల్స్‌మన్. మరి ఆయన ఇంట్లో ఏ జాతి ఉండేది? ఆయన భార్య రాసినదాని ప్రకారం, పిల్లి!

ఫ్లైబాల్ చూశారా? నాలుగు కుక్కల రిలే. ఒక్కోటీ నాలుగు అడ్డంకులు దూకి, పెట్టెను తన్ని, ఎగిరొచ్చిన బంతిని పట్టుకుని, అదే దారిన తిరిగి రావాలి. అడ్డంకుల ఎత్తు ఎంతో తెలుసా? జట్టులో అందరికంటే పొట్టి కుక్కను బట్టి! అందుకే మూడు మెరుపుతీగల్లాంటి కుక్కలున్న జట్టు కూడా ఓ చురుకైన పొట్టిదాని కోసం వెతుకుతూ ఉంటుంది. పొట్టివాడు గట్టివాడని ఊరికే అన్నారా!

ఆగస్టు 5, 1974. లాస్ ఏంజెలెస్‌లో డాడ్జర్స్ జట్టు బేస్‌బాల్ మ్యాచ్, దేశమంతా టీవీ ముందు. అలెక్స్ స్టీన్ అనే కాలేజీ కుర్రాడు తన కుక్క ఆష్లీ విప్పెట్‌తో మైదానంలోకి దూకి ఫ్రిస్బీలు విసరడం మొదలుపెట్టాడు. కుక్క గాల్లోకి లేచి పట్టుకుంటుంటే ఆటగాళ్లు సైతం నోళ్లు తెరిచారు. ఎనిమిది నిమిషాలు మ్యాచ్ ఆగిపోయింది! చివరికి కుర్రాడు పోలీసుల వెంట వెళ్లాడు, కుక్క చరిత్రలోకి వెళ్లింది. ఆ తర్వాతే ఫ్రిస్బీ కుక్కలకు ప్రపంచ పోటీలు వచ్చాయి.

లాంగ్ జంప్‌లో మనిషి రికార్డు 8.95 మీటర్లు, 1991లో మైక్ పావెల్‌ది. 2019లో సౌండర్స్ అనే విప్పెట్ జాతి కుక్క నీళ్లలోకి దూకే డాక్ డైవింగ్‌లో దాటినది 36 అడుగుల 2 అంగుళాలు, అంటే 11 మీటర్ల పైమాట! స్నానానికి రమ్మంటే మంచం కింద దూరే కుక్కలున్నవాళ్లు దీన్ని నమ్మరు.

2024లో అమెరికాలోని వెస్ట్‌మిన్‌స్టర్ డాగ్ షో అజిలిటీ పోటీలో మహామహా జాతి కుక్కలను ఓడించి గెలిచిందెవరో తెలుసా? నింబుల్ అనే సంకరజాతి బుల్లికుక్క! బోర్డర్ కోలీ, పాపియోన్‌ల కలయిక. పరుగు ముగించింది 28.76 సెకన్లలో. వంశవృక్షాలు పట్టుకొచ్చినవాళ్లు దాని నీడన కూర్చున్నారు.

ఇప్పుడో క్విజ్. గంటకు 67 కిలోమీటర్ల వేగం నమోదు చేసిన జాతి అపార్ట్‌మెంట్‌లో ఉండగలదా? ఉండటమేంటి, హాయిగా ఉంటుంది! గ్రేహౌండ్ రోజూ కాసేపు పరుగుతీసి, మిగతా పొద్దంతా సోఫా మీద కునుకు తీస్తుంది. ఫస్టు ర్యాంకు బోర్డర్ కోలీ అలా కాదు. మంద తోలే బుర్ర అది; పని ఇవ్వకపోతే తనే పని పుట్టించుకుంటుంది. ముందు మీ పరుపు, ఆ తర్వాత పిల్లలను మూలకు తోలడం! తెలివైన కుక్క కావాలని అడిగేవాళ్లను నేను ముందు అడిగేది ఒక్కటే: రోజుకు ఎన్ని గంటలు ఖాళీ?

సైబీరియన్ హస్కీ కళ్లు తరచూ నీలం, ఒంటిమీద రెండు పొరల బొచ్చు, పుట్టినిల్లు మంచు. దాన్ని రామగుండం మే నెలలో పెంచాలనుకునేవారికి నా సలహా: ముందు మీరు రెండు స్వెట్టర్లు వేసుకుని ఓ మధ్యాహ్నం మేడమీద కూర్చోండి.

హస్కీల పని తెలుసా? 1925లో అలాస్కాలోని నోమ్‌లో డిఫ్తీరియా పాకితే, 20 మంది మంచుబండి తోలేవాళ్లు, సుమారు 150 కుక్కలు రిలే పద్ధతిలో మంచుమీద 1,085 కిలోమీటర్లు ఐదున్నర రోజుల్లో మందు చేర్చారు. చివరి అంచె లాగిన బాల్టోకు అదే ఏడాది న్యూయార్క్ సెంట్రల్ పార్కులో విగ్రహం లేచింది. మరి మందు పట్టుకుని అందరికంటే ఎక్కువ దూరం, అదీ అత్యంత ప్రమాదకరమైన దారిలో లాగిందెవరు? టోగో! బాల్టో దూరం సుమారు 85 కిలోమీటర్లు, టోగోది 146. చివర్లో వచ్చినవాడి ఫొటోయే పేపర్లో పడుతుందని కుక్కలకూ తెలిసొచ్చింది.

ఈ కుక్కలకు కళ్లెం ఉండదు. 'జీ' అంటే కుడికి, 'హా' అంటే ఎడమకు తిరుగుతాయి. మన అరకలో వలపటి ఎద్దు, దాపటి ఎద్దు ఉన్నట్టే అక్కడా ముందు ఎవరు, బండి పక్కన ఎవరన్నది లెక్కే.

2021 దాకా వరసగా 31 ఏళ్లు అమెరికాలో నంబర్ వన్ జాతి లాబ్రడార్. 2022లో ఆ కుర్చీ లాక్కున్నది ఫ్రెంచ్ బుల్‌డాగ్. ముద్దొచ్చే ఆ పెద్ద తల వెనకాల ఓ సంగతి: బ్రిటన్‌లో చేసిన ఓ సర్వేలో ఈ జాతి కాన్పుల్లో 80 శాతానికి పైగా సిజేరియన్లే! కొనేటప్పుడే ఆస్పత్రి ఖర్చు కూడా కూడుకోండి.

జాతిని బట్టి గుణం చెప్పేయొచ్చా? 2022లో 'సైన్స్' పత్రికలో 18,385 కుక్కల లెక్క వచ్చింది. ఒక్కో కుక్క ప్రవర్తనలోని తేడాల్లో జాతి వివరించగలిగింది సుమారు 9 శాతమే! మిగతా 91 శాతం జాతి చెప్పలేనిదే. పెళ్లిచూపుల్లో వంశం ఒక్కటే అడిగి వచ్చేవారు కాస్త ఆలోచించాలి.

అన్నట్టు, 2005లో మన తపాలాశాఖ నాలుగు స్వదేశీ జాతులకు స్టాంపులు వేసింది: ముధోల్ హౌండ్, రాజపాళయం, రాంపూర్ హౌండ్, హిమాలయన్ షీప్‌డాగ్. ఉత్తరం తెచ్చే పోస్ట్‌మన్‌ను తరిమేవాళ్లకే స్టాంపు దక్కింది!

ఆ ముధోల్ ఊరుకుందా? 2024 అఖిల భారత పోలీస్ డ్యూటీ మీట్‌లో సరిహద్దు భద్రతా దళానికి చెందిన రియా అనే ముధోల్ హౌండ్, 116 విదేశీ జాతి కుక్కలను దాటి 'డాగ్ ఆఫ్ ద మీట్' అయింది. స్వదేశీ జాతికి ఆ గౌరవం అదే మొదటిసారి. కర్ణాటక బాగల్‌కోట జిల్లా జాతికి లక్నోలో కప్పు!

హైదరాబాద్ పక్కన మొయినాబాద్‌లోనూ పోలీసు జాగిలాలకు బడి ఉంది. జాగిలం ఒక్కటే చదివితే సరిపోదు, దాన్ని పట్టుకునే పోలీసు కూడా పక్కనే చదవాలి. చివర్లో ఇద్దరికీ పాసింగ్ ఔట్ పరేడ్. హోంవర్క్ కుక్క తినేసిందని చెప్పే వీల్లేని బడి ఇదొక్కటే!

వీధికుక్కకు ఏమొస్తుందని అడిగేవారికి ఓ జవాబు. అంతరిక్షానికి సోవియట్లు ఎంచుకున్నవి మాస్కో వీధికుక్కలను! చలికీ ఆకలికీ రాటుదేలినవని. రోజుల తరబడి ఇరుకు పెట్టెల్లో ఉండటం అలవాటు చేశారు. బెల్కా, స్ట్రెల్కా 1960 ఆగస్టులో భూమిని చుట్టి క్షేమంగా దిగాయి. స్ట్రెల్కా పిల్ల పుషింకాను అమెరికా అధ్యక్షుడు కెనెడీ ఇంటికి కానుకగా పంపారు. అది అక్కడ నాలుగు పిల్లలను పెట్టింది. అంటే, వీధికుక్క మనవలు వైట్‌హౌస్‌లో పుట్టారు! నా ఓటు ఎటో మీకు అర్థమయ్యే ఉంటుంది.

కుక్క తోక వంకర అంటాం గానీ, అది ఎటు ఊగుతుందో చూశారా? 2007లో ఇటలీ శాస్త్రవేత్తలు 30 కుక్కల తోకలు గమనించారు. యజమాని కనబడితే ఊపు కుడివైపు ఎక్కువ, బెదరగొట్టే కొత్త కుక్క కనబడితే ఎడమవైపు ఎక్కువ! ఇకమీదట ఇంటికొచ్చినప్పుడు గమనించండి. ఎడమకు ఊగిందంటే సంజాయిషీ సిద్ధం చేసుకోండి.

2015 'బ్రిటన్స్ గాట్ టాలెంట్' టీవీ పోటీ కప్పు మటీస్ అనే కుక్కకు వచ్చింది. తాడు మీద నడక చూసి జనం మురిసిపోయారు. తీరా తేలిందేమిటంటే, తాడెక్కింది మటీస్ కాదు, దాని డూప్ ఛేస్! హీరోకు ఎత్తంటే పడదట.

చివరిది. 2012లో న్యూజిలాండ్‌లో జంతు సంరక్షణ సంఘంవాళ్లు ఆశ్రయంలో ఉన్న మూడు అనాథ కుక్కలకు ఏం నేర్పారో తెలుసా? కారు నడపడం! పోర్టర్, మాంటీ, జిన్నీ. మార్పులు చేసిన మినీ కారు, ఎనిమిది వారాల శిక్షణ. గేరు వేసి, స్టీరింగు పట్టి, పోర్టర్ టీవీ లైవ్‌లో కారు తోలేసింది. హైదరాబాద్‌లో లైసెన్సు ఇస్తారా అంటే మాత్రం కష్టం. పాపం, దానికి హార్న్ కొట్టడం నేర్పలేదు!