ఒకే బల్ల వద్ద రెండు పండుగలు

డిసెంబరు మాసం వచ్చిందంటే కలకత్తా న్యూ మార్కెట్‌లోని నహూమ్ వారి దుకాణం ముందు జనం బారులు తీరుతారు. వారికి కావలసినది క్రిస్మస్ కేకు. అయితే ఆ దుకాణాన్ని 1902లో నెలకొల్పినది ఒక బాగ్దాదీ యూదు కుటుంబం.

ఈ నగరానికి 1798లో అలెప్పో నుండి షాలోమ్ కోహెన్ అనే వర్తకుడు వచ్చాడు. ఆయన వెనుక బాగ్దాదు మొదలైన పట్టణాల నుండి యూదులు వచ్చి స్థిరపడ్డారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో వారి సంఖ్య సుమారు 5,000. తరువాత అత్యధికులు విదేశాలకు తరలిపోయారు. నేడు ముప్పై మంది కూడా లేరు.

యూదుల దీపాల పండుగ హనుక్కా కొన్ని సంవత్సరాలలో క్రిస్మస్ రోజుల్లోనే వస్తుంది. 2024లో దాని తొలి దీపం వెలిగించినది డిసెంబరు 25 సాయంకాలమే. అట్టి వేళ ఇరుమతాల మిత్రులనూ విందుకు పిలిచిన గృహిణికి వంటింట్లోనే పరీక్ష మొదలవుతుంది.

క్రైస్తవ అతిథికి ఆహారనియమాలు స్వల్పం. ఆచారపరుడైన యూదుడికి పంది మాంసం, రొయ్యలు నిషిద్ధం. ఇతర మాంసమైనా వారి విధి ప్రకారం కోసినదై ఉండాలి. మాంసంతో పాలు, వెన్న, నెయ్యి కలవరాదు. అందుచేత ఇక్కడి యూదుల ఇళ్లలో కూరలకు కొబ్బరిపాలు వాడేవారు. మాంసం వడ్డించిన విందులో సందేశ్, రసగుల్లాలకు చోటు లేదు. బెంగాలులో మిఠాయి లేని విందా! బెల్లం, కొబ్బరి కలిపి చుట్టిన నారికేళపు లడ్డూలు ఆ లోటు తీరుస్తాయి. శాకభోజనమే పెడితే సందేశ్‌కూ అడ్డు లేదు. శుక్రవారం సూర్యాస్తమయం నుండి శనివారం రాత్రి వరకు వారికి విశ్రాంతి దినం. పొయ్యి వెలిగించరు. తేదీ నిర్ణయించేటప్పుడే ఇది గమనించాలి. పాత్రల విషయం కూడా అతిథినే ముందుగా అడగడం మర్యాద.

ఇందరికీ నచ్చే వంటకం ఒకటున్నది. అది ఆలూ మకల్లా. బంగాళాదుంపలను చెక్కు తీసి, ఉప్పు, పసుపు వేసిన నీటిలో కొద్దిగా ఉడికించి, దుంపలు మునిగేటంత నూనెలో సన్నని సెగపై చాలాసేపు వేయిస్తారు. పైన పెళుసైన పొర, లోపల వెన్నవంటి మెత్తదనం. ముల్లుచెంచాతో గుచ్చబోతే పళ్లెంలోంచి ఎగిరిపడతాయని పరిహాసం. మకల్లా అన్న పేరు అరబ్బీ నుండి వచ్చినది. ఆ మాటకు వేయించినదని అర్థం. దేవాలయంలో ఒక్కరోజుకు సరిపోయే నూనె ఎనిమిది రోజులు వెలిగిందన్న కథను స్మరించే హనుక్కాకు నూనె వంటకం తగినదే.

యూదుల ఇళ్లలో ఈ దుంపలను వేయించిన వంటవారిలో అనేకులు ముస్లిములు. పంది మాంసం వారికీ నిషిద్ధమే కనుక ఆ వంటిల్లు వారికి పరాయిది కాలేదు. 1884లో నిర్మించిన మగేన్ డేవిడ్ ప్రార్థనామందిరాన్ని నేటికీ కనిపెట్టుకొని ఉన్నది ముస్లిం కుటుంబాలే. యూదు బాలికల పాఠశాలలో చదువుకునేవారిలోనూ అత్యధికులు ముస్లిం బాలికలే.

పండుగను జరుపుకునేవారు తరిగిపోయినప్పుడు దానిని నిలబెట్టేది ఇరుగుపొరుగే. ‘మీరు ఏమి తినరు?’ అని ముందుగా అడిగి వండిన ఒక్క పూట భోజనం కూడా ఆ పనికి చేయూతే. అలా అడిగించుకోదగిన అతిథులు కలకత్తాలో ఇంకా కొందరున్నారు.