డోర్నకల్, దుమ్ముగూడెం చర్చిలు: అపోహలు – వాస్తవాలు

భద్రాచలం రోడ్‌కు వెళ్లే రైలు ప్రధాన మార్గాన్ని వదిలి అడవుల వైపు మళ్లేది డోర్నకల్ జంక్షన్‌లో. ఆ ఊళ్లోని కేథడ్రల్ గురించీ, భద్రాచలానికి ఎగువన గోదావరి ఒడ్డునున్న దుమ్ముగూడెం మిషన్ గురించీ చాలా మాటలు ప్రచారంలో ఉన్నాయి. వాటిలో నిజమెంత?

అపోహ: డోర్నకల్‌లో ఉన్నది పాత కేథలిక్ మఠం.
వాస్తవం: అది మఠమూ కాదు, కేథలిక్కులదీ కాదు. సన్యాసులు వ్రతబద్ధంగా కలిసి బతికే చోటు మఠం. ఇది బిషప్ పీఠమున్న ఆలయం. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగినప్పుడు ఆంగ్లికన్లది. 1947లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడ్డాక అందులో భాగమైంది. కేథలిక్కులకు ఖమ్మం కేంద్రంగా వేరే డయాసిస్ ఉంది. అది ఏర్పడింది 1988లోనే.

అపోహ: డోర్నకల్ చర్చిని తెల్లదొరలు తమ దేశపు నమూనాలో కట్టుకున్నారు.
వాస్తవం: కట్టించింది బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన తమిళుడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. చర్చిని చూస్తే మసీదు గుమ్మటాలు, మినార్లు, గుడి మంటపాన్ని తలపించే రాతి స్తంభాలు కనిపిస్తాయి. ఈ నేల మీది కట్టడాల తీరులోనే ఆలయం ఉండాలన్నది ఆయన పట్టుదల.

అపోహ: అంతా విదేశీ డబ్బుతోనే నడిచింది.
వాస్తవం: సగం నిజం. విదేశీ సాయం అందిన మాట వాస్తవమే. కానీ డోర్నకల్‌లో పని మొదలుపెట్టింది 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు స్థాపించుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ. భారతీయుల డబ్బుతో, భారతీయుల చేత అన్నదే దాని నియమం. అజరయ్య 1909లో ఆ సంస్థ మిషనరీగానే వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. పల్లె సంఘాలు తమ ఖర్చు తామే భరించాలని చెప్పేవాడు. పంట చేతికొచ్చాక ధాన్యం, కోళ్లు కూడా కానుకలుగా వచ్చేవి.

అపోహ: భద్రాచలం వైపు మిషన్లను తెచ్చింది నిజాం పాలన.
వాస్తవం: 1860 ఒప్పందంతో గోదావరి ఎడమగట్టున ఉన్న భద్రాచలం ప్రాంతం నిజాం చేతి నుంచి బ్రిటిషువారికి పోయింది. ఆ రోజుల్లోనే ఎగువ గోదావరిలో పడవలు నడిపించే పనులు సాగుతున్నాయి. వాటిని పర్యవేక్షించిన ఇంజనీరు హేగ్ చొరవతో దుమ్ముగూడెంలో చర్చ్ మిషనరీ సొసైటీ పని మొదలైంది. అక్కడ తొలి మిషనరీ ఇంగ్లిషువాడు కాదు, హేగ్ దగ్గర ఉద్యోగం చేసిన వెంకటరామరాజు. నౌకాయాన పనులను 1871లో ప్రభుత్వం వదిలేసింది. మిషన్ మాత్రం నిలిచింది.

అపోహ: మిషన్ రాకతో కోయలంతా మతం మారారు.
వాస్తవం: మారినవారు కొందరే. ఎక్కువమంది తమ వేల్పులనే కొలుస్తూ వచ్చారు. కోయల మేడారం జాతరే అందుకు సాక్ష్యం. 1870లలో దుమ్ముగూడెం వచ్చిన మిషనరీ జాన్ కెయిన్ కోయల భాషనూ ఆచారాలనూ రాసిపెట్టాడు. ఆ రాతలు నేటికీ పరిశోధకులకు పనికొస్తున్నాయి. అయితే అవి మిషనరీ కళ్లతో చూసి రాసినవన్న ఎరుకతోనే చదవాలి.

అపోహ: క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు కావాలని అజరయ్య కోరాడు.
వాస్తవం: పూర్తిగా తప్పు. 1930లలో వాటిని గట్టిగా వ్యతిరేకించాడు. రాజకీయంగా క్రైస్తవులు దేశ ప్రజల నుంచి వేరు పడకూడదన్నది ఆయన వాదన. మతమార్పిడి విషయంలో మాత్రం గాంధీజీతో ఏకీభవించలేదు. రెండూ నిజాలే.

ఈ చర్చిల చరిత్రను దొరల ఖాతాలో మొత్తంగా జమకట్టినా, దొరల పాత్రే లేదన్నా తప్పే. భద్రాద్రి రాముణ్ణి చూడ్డానికి వెళ్లేవారు వీలుంటే డోర్నకల్‌లోనూ దిగండి. ఆ రాతి స్తంభాలను స్వయంగా చూసి, విన్నమాటల్లో ఏది నిలుస్తుందో మీరే తేల్చుకోండి.