నదుల నీటి పంపకం: కె.ఎల్. రావు లెక్క, మన చేను లెక్క

కోయిలకుంట్ల పక్కన పారే కుందూ పెన్నా నదికి ఉపనది. అయినా అందులో పారే నీళ్లన్నీ పెన్నా బేసిన్‌వి కావు. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి వచ్చే కె.సి. కాలువ నీళ్లు కొంత దూరం కుందూలోనే పారి, రాజోలి ఆనకట్ట దగ్గర మళ్లీ కాలువకెక్కి కడప వైపు పోతాయి. అంటే కృష్ణా బేసిన్ నీళ్లు పెన్నా బేసిన్‌కు రావడం మనకు కొత్తేమీ కాదు. 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ మొదలుపెట్టిన కాలువ ఇది. 1882లో ప్రభుత్వం కొనుక్కుంది.

ఇదే పనిని దేశమంతటికీ లెక్కగట్టిన సివిల్ ఇంజనీర్ డాక్టర్ కానూరి లక్ష్మణరావు. 1902లో కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు, తర్వాత కేంద్రంలో నీటిపారుదల మంత్రిగా పనిచేశారు. 1972లో ఆయన గంగా - కావేరి కాలువ ప్రతిపాదించారు. పాట్నా దగ్గర గంగకు వరద వచ్చే 150 రోజులు, 60 వేల క్యూసెక్కులు ఎత్తి, నర్మద, గోదావరి, కృష్ణా, పెన్నా మీదుగా కావేరికి తేవాలి. పొడవు 2,640 కిలోమీటర్లు. అంత నీటిని ఎత్తడానికి కరెంటు, ఖర్చు తట్టుకోలేమని దాన్ని పక్కన పెట్టారు. ఆలోచన మాత్రం పోలేదు. నదుల అనుసంధానం చూసే జాతీయ సంస్థ 1982లో వచ్చింది. గోదావరి నీళ్లు 200 టీఎంసీలు పోలవరం నుంచి మన బనకచెర్లకు తేవాలన్న ప్రతిపాదన కూడా ఆ దారిలోదే.

ఇక మన వాటా ఎంత? బచావత్ ట్రిబ్యునల్ కృష్ణాలో 2,060 టీఎంసీలు పంచి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 ఇచ్చింది. ఇది నూటికి 75 ఏళ్లు నమ్మదగిన నీటి లెక్క. అంతకు మించి వచ్చే వరద నీటిని కింద ఉన్న మనం వాడుకోవచ్చు గానీ, హక్కు అని అడగలేం. తెలుగుగంగ, గాలేరు-నగరి వంటివి ఆ మిగులు మీదే కట్టుకున్నాం. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. మట్టం పడిపోయిన ఏడు పోతిరెడ్డిపాడు దగ్గర కాలువలోకి నీళ్లు ఎక్కడం తగ్గిపోతుంది. అందుకే మన సీమలో కాలువ ఉన్నా నీళ్లకు భరోసా లేదు.

కానీ ఒక లెక్క చూడండి. కె.సి. కాలువకు 39.9 టీఎంసీల వాటా ఉండేది. కాలువను బాగుచేస్తే 8 టీఎంసీలు మిగులుతాయని తేల్చి, వాటిని శ్రీశైలం కుడి గట్టు కాలువకు కేటాయించారు. ఆ కాలువకున్న 19 టీఎంసీల్లో ఈ 8 కలిసే ఉన్నాయి. కొత్త నది ఏదీ తేలేదు. కారిపోయే నీళ్లే ఇంకొక ఆయకట్టుకు వాటా అయ్యాయి.

ఒక టీఎంసీ నీళ్లు సుమారు 7 వేల ఎకరాల్లో మీటరు ఎత్తున నిలుస్తాయి. అర మీటరుతో పంట తీస్తే అదే నీళ్లు 14 వేల ఎకరాలకు సరిపోతాయి. చివరి ఆయకట్టు రైతుకు నీళ్లందేది పై రైతు వాడకాన్ని బట్టే.

మన చేనుకూ ఇదే వర్తిస్తుంది. ఒక అంగుళం వాన పడితే ఎకరాకు సుమారు లక్ష లీటర్లు. దీనికి ఏ ట్రిబ్యునల్ అనుమతీ అక్కర్లేదు. నల్లరేగడిలో ఆ నీళ్లు వంకలోకి పోకుండా:

• వాలుకు అడ్డంగా దున్నాలి, గట్లు వేయాలి.
• వానలకు ముందే నవధాన్యాలు చల్లి నేలను కప్పి ఉంచాలి.
• జొన్న చొప్ప, శనగ పొట్టు కాల్చకుండా ఆచ్ఛాదనగా వేయాలి. ఎండకు తేమ ఎగిరిపోవడం, రేగడి నెర్రెలు తగ్గుతాయి.
• ఘన జీవామృతం వేస్తూ పోతే నేల గుల్లబారి నీళ్లు ఇంకుతాయి.

ఇవి చేశాం కదా అని కాలువ నీళ్లు అడగడం మానమని కాదు. వాటా కోసం అడగాల్సిందే. కానీ ఎగువన నీళ్లు ఆగిన ఏడు శనగను గట్టెక్కించేది నేలలో దాచుకున్న తేమే.

కాలువల దారి పటం మీద పై వీడియోలో చూపించాం. మీ ఊరికి ఏ కాలువ నీళ్లు, ఏ నెలలో వస్తున్నాయో కింద రాయండి.