పనికి టెండరు, బాధ్యతకు ఎవరు?

2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో చెలరేగిన అగ్ని 72 మందిని బలిగొంది. ఆ 24 అంతస్తుల భవనం కెన్సింగ్టన్-చెల్సీ స్థానిక మండలికి చెందిన ప్రభుత్వ గృహసముదాయం. మండలి తన ఇళ్ల నిర్వహణను 1996లోనే ఒక ప్రత్యేక సంస్థకు అప్పగించింది. పేరుకు అది అద్దెదారుల సంస్థ. దాని బోర్డులో వారికీ స్థానం ఉండేది. ఆ సంస్థ భవన ఆధునీకరణను ఒక కంపెనీకి ఇచ్చింది. ఆ కంపెనీ బయటి గోడల తొడుగు పనిని మరో కాంట్రాక్టరుకు ఇచ్చింది. ఖర్చు తగ్గించే క్రమంలో మొదట అనుకున్న జింకు పలకలకు బదులు, సులభంగా మండే ప్లాస్టిక్ పొర ఉన్న అల్యూమినియం పలకలు బిగించారు. 2016లో పని పూర్తయింది. మరుసటి ఏడాదే ఒక వంటగదిలో పుట్టిన నిప్పు ఆ పలకలను పట్టుకుని భవనమంతా పాకింది.

భద్రతపై అక్కడి నివాసులు ముందే హెచ్చరించారు. నిర్వాహకుల దృష్టిలో వారు గొడవలు పెట్టేవాళ్లు. విచారణ సంఘం ముందు మాత్రం ప్రతి సంస్థా వేలును పక్కవారి వైపే చూపింది. 2024 సెప్టెంబరులో వెలువడిన తుది నివేదిక ఆ మరణాలన్నీ నివారించదగినవేనని తేల్చింది. నిర్వహణ సంస్థపై మండలి పర్యవేక్షణ బలహీనంగా ఉందనీ చెప్పింది.

కులం గురించి ఆలోచించేవారు ఆ నివేదికలో మరొక అంశాన్ని గమనించాలి. మృతుల్లో అత్యధికులు శ్వేతేతరులు, వలస కుటుంబాలవారు. అయినా భవనాన్ని ప్రమాదకరంగా మార్చిన నిర్ణయాల వెనుక జాతి వివక్ష ఉందనడానికి ఆధారాలు లభించలేదని విచారణ సంఘం పేర్కొంది. ఆ మాట నిజమే అనుకుందాం. అప్పుడు తేలేదేమిటి? ఏ ఒక్కరి మనసులోనూ ద్వేషం లేకపోయినా, అణగారినవారిని బలి తీసుకునే ఏర్పాటు సాధ్యమే. బాధ్యత నాలుగు చేతులు మారితే చాలు. కులం పేరెత్తకుండానే కులం ఎలా పనిచేస్తుందో తెలిసిన మనకు ఇది కొత్త పాఠమేమీ కాదు.

ఆ పాఠం ఇప్పుడు మన గుమ్మంలోకే వచ్చింది. హైదరాబాదు శివార్లలోని కొల్లూరులో 2023 జూన్‌లో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లను ప్రారంభించారు. పేదలు పదేసి అంతస్తుల భవనాల్లోకి చేరారు. పూరింటి కప్పు కారితే మనిషి తన చేతులతో తానే సరిచేసుకోగలడు. పదో అంతస్తుకు నీళ్లెక్కించే మోటారునూ, ఆగిన లిఫ్టునూ అలా సరిచేసుకోలేడు. ఇళ్ల కేటాయింపులో ఎస్సీ, ఎస్టీ, మైనారిటీల వాటా లెక్క తప్పకుండా చూస్తారు. తాళంచెవి చేతికిచ్చాక ఆ ఇంటి భద్రతకు ఏ అధికారి జవాబుదారీ అన్నదానికి అంత స్పష్టమైన లెక్క ఉందా? దినకూలీలతో సంఘం పెట్టించి, నిర్వహణ మీదేనని చెప్పడం సాధికారత అనిపించుకోదు.

ఇదే ఏర్పాటుకు రెండో కొన కార్మికుడు. ఆ భవనాల మెట్లు ఊడ్చేది, మురుగు తీసేది ఏజెన్సీ మనుషులు. టెండరు పత్రంలో కులం కాలమ్ ఉండదు. మురుగులోకి దిగే చేతులు మాత్రం ఎక్కువగా దళితులవే. 2013 నాటి పారిశుద్ధ్య చట్టం మురుగు కాలువలను, సెప్టిక్ ట్యాంకులను రక్షణ లేకుండా ప్రమాదకరంగా శుభ్రం చేయించడానికి మనుషులను ప్రత్యక్షంగానే కాదు, పరోక్షంగా నియమించడాన్నీ నిషేధించింది. మురుగు మరణాలకు పరిహారాన్ని 30 లక్షల రూపాయలకు పెంచిన 2023 అక్టోబరు తీర్పులో సుప్రీంకోర్టు, కాంట్రాక్టర్లకు అప్పగించిన పనులకూ తన ఆదేశాలు వర్తించాలని చెప్పింది. అయినా ప్రమాదం జరిగిన ప్రతిసారీ మొదట వినిపించేది ఒకటే మాట: అతను మా ఉద్యోగి కాదు.

లిఫ్టు మరమ్మతుకు నైపుణ్యం గల సంస్థ కావాలి, నిజమే. ప్రతి పనినీ ప్రభుత్వోద్యోగే చేయాలని ఎవరూ కోరడం లేదు. పని అప్పగించినంత మాత్రాన ప్రభుత్వం తప్పుకోరాదన్నదే వాదం. ఉపాధి హామీ పథకంలో సామాజిక తనిఖీని వ్యవస్థగా నిలబెట్టి దేశానికి దారి చూపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. అదే తనిఖీని ప్రభుత్వ గృహ సముదాయాలకూ విస్తరించాలి. నిర్వహణ ఒప్పందాన్ని తెలుగులో ప్రతి బ్లాకు గోడ మీదా ప్రదర్శించాలి. దాని పక్కనే బాధ్యుడైన ప్రభుత్వాధికారి పేరు, హోదా ఉండాలి. అగ్నిమాపక, లిఫ్టు తనిఖీ నివేదికలను నివాసుల సభలో చదివి వినిపించాలి. పారిశుద్ధ్య కార్మికుల వేతనాలు, రక్షణ పరికరాల లెక్కలు అదే సభ ముందుంచాలి.

గ్రెన్‌ఫెల్ విషాదం తర్వాత, 2018లో, మండలి తన ఇళ్ల నిర్వహణను తిరిగి తన చేతిలోకి తీసుకుంది. అందుకు అక్కడ 72 ప్రాణాలు పోవలసి వచ్చింది. మనవాళ్లు ఆ మేడల్లో ఇప్పుడిప్పుడే దీపం వెలిగించుకుంటున్నారు. జవాబు చెప్పవలసిన అధికారి పేరు గోడ మీద రాయించుకోవలసిన సమయం ఇదే.