ఆయాసానికి కన్ను చెప్పే సంగతి

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో అరవై దాటినవారికి ఆయాసం, కాళ్ల వాపు వస్తే వయసుదేలే అని ఊరుకుంటారు. కొందరిలో కారణం అమిలాయిడ్. లివర్‌లో తయారయ్యే ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రొటీన్ ఆకారం చెడి గుండె కండరంలో పేరుకుంటుంది. గోడలు మందమై బిగుసుకుపోతాయి. ఎకోలో గోడ మందంగా ఉండి, ఈసీజీలో గీతలు చిన్నవిగా ఉంటే డాక్టరుగారికి అనుమానం వస్తుంది. ఎముక మజ్జ నుండి వచ్చే రకం ఇంకొకటి ఉంది, దానికి ఆలస్యం అసలు పనికిరాదు.

మరి కన్నెందుకు? కోత లేకుండా రక్తనాళాలను నేరుగా చూడగలిగిన చోటు రెటీనా. మినుకుమినుకుమనే వెలుతురు వేస్తే ఆరోగ్యమైన నాళాలు కొద్దిగా వెడల్పవుతాయి. అమిలాయిడ్ రోగుల్లో ఈ స్పందన ఎలా ఉంటుందో పరిశోధకులు చూస్తున్నారు. ఇది ఇంకా పరిశోధనే, కళ్లద్దాల షాపులో తేలే సంగతి కాదు. జబ్బును పట్టేది రక్త, మూత్ర పరీక్షలు, న్యూక్లియర్ స్కాన్. స్కాన్‌కు హైదరాబాదు వంటి పెద్ద ఊరు వెళ్లవలసి వస్తుంది.

ఇంట్లో మీరు చూడవలసింది చేతులు. రెండు అరచేతుల్లో తిమ్మిర్లు గుండె జబ్బుకు ఏళ్ల ముందే రావచ్చు. ఏళ్లుగా బీపీ మాత్రలు వాడేవారికి ఇప్పుడు బీపీ పడిపోయి, లేవగానే కళ్లు తిరగవచ్చు. అయినా మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, వచ్చి చూపించుకోండి. 2019లో అమెరికాలో గుండె అమిలాయిడ్‌కు అనుమతి పొందిన టఫామిడిస్ జబ్బు వేగాన్ని తగ్గిస్తుంది గాని, పేరుకున్నదాన్ని తీసివేయదు. పాత ఈసీజీ కాగితాలు పారేయకుండా వెంట తెచ్చుకోండి.