సంతకంతో వచ్చిన రూల్... సంతకంతోనే పోయింది!

మా ఆఫీసులో ఎవరైనా రిజైన్ చేస్తే చివరి రోజు సాయంత్రానికల్లా లాగిన్ కట్. కానీ ఆ మనిషికి తెలిసిన గుట్లు, ఫోన్‌లో ఉన్న నంబర్లు ఎక్కడికీ పోవు. ప్రభుత్వ పదవి వదిలినవాళ్లతో వచ్చే చిక్కంతా ఇదే. నిన్నటిదాకా ఫైళ్ల మీద సంతకాలు పెట్టినాయన, రేపు ఓ కంపెనీ తరఫున అదే ఆఫీసు మెట్లెక్కితే పాత కొలీగ్స్ కాదనగలరా?

అమెరికాలో దీనికి చట్టం ఉంది. పెద్ద పదవుల్లో చేసినవాళ్లు ఏడాది, మరీ పైస్థాయివాళ్లు రెండేళ్లపాటు పాత శాఖ దగ్గర ఇంకొకరి తరఫున పైరవీ చేయకూడదు. ఇది చాలదని 1993 జనవరి 20న, పదవిలోకి వచ్చిన రోజే, బిల్ క్లింటన్ ఓ ఆర్డర్ ఇచ్చారు. తాను నియమించే పెద్దలకు ఐదేళ్ల నిషేధం! భలే ఉంది కదా? 2000 డిసెంబర్ 28న, దిగిపోయే ముందు, ఆయనే దాన్ని రద్దు చేశారు.

కట్ చేస్తే 2017. వాషింగ్టన్ బురదంతా తోడేస్తానని గెలిచిన ట్రంప్, జనవరి 28న మళ్లీ అదే ఐదేళ్ల నిషేధం పెట్టారు. 2021 జనవరిలో, పదవి ఆఖరి గంటల్లో, అదీ రద్దు. పార్టీలు వేరు, స్క్రిప్ట్ ఒకటే. ఐదేళ్లు ఆగుతామని రాసిచ్చినవాళ్లంతా ఒక్క దెబ్బతో ఫ్రీ. మా భాషలో చెప్పాలంటే, రూల్‌ని కోడ్‌లో రాయలేదు, సెట్టింగ్స్‌లో పెట్టారు. అడ్మిన్ ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆఫ్ చేసుకోవచ్చు.

మధ్యలో ఒబామా కథ ఇంకోటి. 2009 జనవరి 21న లాబీయిస్టులకు గట్టి రూల్ పెట్టి, వెంటనే రేథియాన్ మాజీ లాబీయిస్టు విలియం లిన్‌కి మినహాయింపు ఇచ్చి, రక్షణ శాఖలో నంబర్ టూని చేశారు.

అసలు లొసుగు వేరే ఉంది. ఒక క్లయింట్ కోసం చేసే పనిలో లాబీయింగ్ 20 శాతం దాటకపోతే అక్కడి చట్టం ప్రకారం మీరు లాబీయిస్టే కాదు. అంటే ఫోన్ వేరేవాళ్లతో చేయించి, ఎవరికి ఏం చెప్పాలో మీరు పక్కనుంచి చెబితే సరి, పేరుకి 'సలహాదారు'. 2021లో బైడెన్ ఈ తెరవెనుక సాయాన్నీ ఏడాదిపాటు ఆపే రూల్ తెచ్చారు. 2025 జనవరి 20న, తిరిగొచ్చిన తొలిరోజే, ట్రంప్ దాన్ని కొట్టేశారు.

మనకెందుకంటారా? మనవాళ్లు ప్రాణాలు ఉగ్గబట్టుకుని చూసే హెచ్‌1బీ రూల్స్ మీదా అక్కడ లాబీయింగ్ నడుస్తుంది. కాకపోతే అక్కడ ఎవరు ఎవరి కోసం పనిచేస్తున్నారో కొంతైనా రిజిస్టర్‌లో దొరుకుతుంది. మన దగ్గర రిటైరైన ఐఏఎస్ ఏడాదిలోపు ప్రైవేటు కొలువులో చేరాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. లాబీయింగ్‌కి మాత్రం ప్రత్యేక చట్టమే లేదు. వెతుకుదామంటే రిజిస్టరూ లేదు.