సినిమా టిక్కెట్టు పారేశారా?

పూర్వం ప్రతి సినిమా హాలుకీ ఒక సైకిల్ స్టాండు ఉండేది. స్టాండు కుర్రాడు సీటు మీద సుద్దముక్కతో నెంబరు గీకి, అదే నెంబరున్న బిళ్ల మన చేతిలో పెట్టేవాడు. ఆట వదిలాక అన్ని వందల సైకిళ్లలోంచి మనదాన్ని లాగి ఇచ్చేవాడు. బిళ్ల పోయిందో, హాలు ఖాళీ అయ్యేదాకా పక్కన నిలబడాల్సిందే!

ఇప్పుడు సుద్దముక్కా లేదు, బిళ్లా లేదు. మల్టీప్లెక్సు గేటు దగ్గర రెప్పవేయని కెమెరా ఒకటి కూర్చుంది. లోపలికి వెళ్లేటప్పుడు బండి నెంబరు చదువుతుంది. బయటికి వచ్చేటప్పుడు మళ్లీ చదువుతుంది. మధ్య కాలాన్ని గంటల్లో లెక్కగట్టి తెర మీద అంకె చూపిస్తుంది. కట్టకపోతే అడ్డుకర్ర లేవదు. ఎవరితో మాట్లాడాలి? కెమెరాతోనా?

మాట్లాడవచ్చు. డబ్బు వెనక్కి కూడా తెచ్చుకోవచ్చు. ఆ సంగతి చెబుదామనే ఈ నాలుగు మాటలు.

మా ఊరికి కెమెరా కొత్త కాదు

నేనుండేది శామీర్‌పేటలో. ఒకప్పుడు మా ఊరంటే చెరువూ, ఆ చెరువు గట్టున షూటింగులూ! ఇప్పుడు శామీర్‌పేట, మేడ్చల్ రెండూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు మీద పెద్ద కూడళ్లు. ఔటరెక్కితే ఫాస్టాగ్ టిక్కుమంటుంది, డబ్బు పోతుంది. పార్కింగుకి కూడా ఈ ఫాస్టాగ్‌ని మొదట వాడి చూసిన చోట్లలో మన శంషాబాద్ విమానాశ్రయం ఒకటి. అది 2019 నాటి మాట. అంచేత ‘సిస్టమ్ చెప్పింది’ అనగానే చెల్లించడం మనకి బాగా అలవాటైపోయింది.

రోడ్డు మీద పోలీసు కెమెరా వేసే చలానా మోటారు వాహనాల చట్టం కింద వచ్చేది. దాని దారి వేరు, దాని కోర్టు వేరు. సినిమా హాలువాడి కెమెరాకి ఆ అధికారం లేదు. వాడు అడిగేది జరిమానా కాదు, రుసుము. ఆ రుసుము అడిగే హక్కు ఉందా లేదా అన్నదే ప్రశ్న.

ఎనభై రూపాయల కథ

ఆ మధ్య ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ మేడ్చల్ వైపు ఒక మల్టీప్లెక్సుకి వెళ్లాం. నలుగురి టిక్కెట్లకే వెయ్యి దాటింది. ప్రకటనలూ, విశ్రాంతీ, మెట్లూ, లిఫ్టు దగ్గర వరసా అన్నీ కలిపి మూడు గంటల యాభై నిమిషాలు. గేటు దగ్గర తెర మీద మా నెంబరు, పక్కన ఎనభై రూపాయలు!

“టిక్కెట్లున్నయి గదా బాబూ” అన్నాను.

“సిస్టమ్ల పడ్డది సార్. నేనేం జెయ్యలేను. ఇడిచిపెడితే నా జీతంలకెల్లి కోస్తరు.”

వెనక పది కార్లు హారన్లు మోగిస్తున్నాయి. మా ముందు బైకు మీద భార్యాబిడ్డలతో ఉన్నతను అప్పటికే జేబులు తడిమి చిల్లర లెక్కపెట్టి ఇచ్చి వెళ్లాడు. పెద్దాటకి నాలుగు టిక్కెట్లు కొనలేక ముందు వరసలో రెండు కొని, పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకునే మనుషులకి ఆ చిల్లరే పాప్‌కార్న్, ఆ చిల్లరే ఇంటికెళ్లే పెట్రోలు. ఈ రుసుము తగిలేది అలాంటివాళ్లకే.

గేటు కుర్రాడితో పోట్లాడి లాభం లేదు. డబ్బు కట్టాను, రసీదు అడిగి తీసుకున్నాను. ఇంటికొచ్చి కాగితం, కలం పట్టుకున్నాను.

జీవో ఏం చెబుతోంది?

తెలంగాణ ప్రభుత్వం 2018 మార్చిలో జీవో నెంబరు 63 ఇచ్చింది. అది ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మాల్స్‌కి, మల్టీప్లెక్సులకి, వాణిజ్య సముదాయాలకి అందులో మూడు మెట్లున్నాయి.

మొదటి అరగంట ఎవరికైనా ఉచితం. కొన్నారా లేదా అని అడగడానికి వీల్లేదు.

అరగంట నుంచి గంట దాకా ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే ఉచితం. బిల్లు లేకపోతే రుసుము.

గంట దాటితే, పార్కింగు రుసుముకంటే ఎక్కువ మొత్తానికి బిల్లుగానీ సినిమా టిక్కెట్టుగానీ చూపిస్తే ఉచితం.

మన సినిమా ఏదైనా గంటలో అయిపోతుందా చెప్పండి! 1977 నాటి ‘దానవీరశూరకర్ణ’ నాలుగు గంటలకు దగ్గర. 2022 నాటి ‘ఆర్‌ఆర్‌ఆర్’ మూడు గంటల పైమాట. అంటే ప్రేక్షకుడు ఎప్పుడూ మూడో మెట్టు మీదే ఉంటాడు. అక్కడ అతన్ని కాపాడేది ఒక్కటే, టిక్కెట్టు. దాన్నేమో మనం విశ్రాంతి సమయానికే ఉండచుట్టి సీటు కింద పారేస్తాం! ఫోన్లో ఉంటే సినిమా అవగానే చెరిపేస్తాం.

అసలు పార్కింగు స్థలం హాలువాడు మనకి చేసే ఉపకారం కాదు. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం ఫలానా మేరకు బండ్లకు చోటు చూపిస్తేనే కట్టడానికి అనుమతి. అనుమతి కోసం చూపించిన చోటుకి మళ్లీ వచ్చినవాడి దగ్గర అద్దె ఏమిటన్నది న్యాయమైన ప్రశ్నే. గుజరాత్ హైకోర్టు 2019లో మాల్స్‌కి వ్యతిరేకంగా తీర్పు చెప్పిందీ ఇలాంటి తగాదాలోనే.

ఒంటి తెర హాళ్ల సంగతి వేరు

ఇక్కడ తొందరపడకండి. మీ ఊళ్లో పాత హాలు ఉంటే, అక్కడికి వెళ్లి జీవో 63 చదివి వినిపిస్తే మేనేజరు నవ్వుతాడు. కరోనాతో హాళ్లు మూతపడి మళ్లీ తెరుచుకుంటున్న రోజుల్లో, అంటే 2021 జులైలో, ఒంటి తెర హాళ్లకి పార్కింగు రుసుము వసూలు చేసుకునే వీలు ప్రభుత్వం మళ్లీ ఇచ్చింది. మల్టీప్లెక్సులకి మాత్రం ఇవ్వలేదు. ఒంటి తెర హాలువాడికి స్టాండు డబ్బులే ఊడ్చేవాళ్ల జీతం, కరెంటు బిల్లులో ఒక ముక్క. అది కాదనలేం. అందుకే ఫిర్యాదు రాసేముందు మీరు వెళ్లింది ఏ రకం హాలో చూసుకోండి.

అర్జీ ఎలా రాయాలి?

నేను రాసింది ఒక్క పేజీ. తేదీ, బండి నెంబరు, లోపలికి వెళ్లిన వేళ, బయటికి వచ్చిన వేళ, కట్టిన మొత్తం, జీవో నెంబరు. “ఈ రుసుము వాపసు చేయండి. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి.” అంతే. తిట్లు లేవు, నీతులు లేవు. రసీదూ, టిక్కెట్లూ నకళ్లు జతచేసి మేనేజరు పేర రిజిస్టరు పోస్టులో పంపాను. అసళ్లు నా దగ్గరే ఉంచుకున్నాను.

పన్నెండో రోజున ఫోను. “సార్, మీ ఎనభై పంపిస్తున్నాం.” సంతోషమే. కానీ, “మరి మిగతావాళ్ల సంగతి? టిక్కెట్టు చూపిస్తే ఉచితమని గేటు దగ్గర బోర్డు పెట్టండి” అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత వారం వెళ్లి చూస్తే బోర్డు వచ్చింది. అక్షరాలు చీమల్లా ఉన్నాయనుకోండి, అయినా ఉన్నాయి!

జవాబు రాకపోతే? ముందు పురపాలక కమిషనరుకి రాయండి. హైదరాబాద్‌లో ఈ ఉత్తర్వు మీరిన మాల్స్‌కి జీహెచ్‌ఎంసీ జరిమానాలు వేసిన సందర్భాలున్నాయి. మా జిల్లా కలెక్టరేటు 2022 నుంచి శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలోనే ఉంది. సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇవ్వవచ్చు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉండనే ఉంది.

ఆఖరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు కాపురమున్న చోటే కేసు వేయవచ్చు. రెండేళ్ల లోపు వేయాలి. అయిదు లక్షల లోపు వ్యవహారానికి రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు. ఫాస్టాగ్‌లోంచి డబ్బు పోయి ఉంటే దాన్ని ఇచ్చిన బ్యాంకుకి కూడా వెంటనే ఫిర్యాదు చేయండి.

కెమెరా కూడా పొరబడుతుంది

కెమెరా చూసేది రెండే క్షణాలు, రావడం, పోవడం. మధ్యలో మీరు సినిమా చూశారో, చోటు దొరక్క అరగంట తిరిగారో దానికి తెలియదు. బురద పడిన పలక మీద సున్నాని ఎనిమిదిగా, ఎనిమిదిని ‘బి’గా చదవగలదు. మా జిల్లా నెంబరే 08, ఇంకేం కావాలి! మార్నింగ్ షోకి పిల్లల్ని దింపి, సెకండ్ షోకి మీరు వెళ్లారనుకోండి. మధ్యలో మీరు బయటికి వెళ్లడం అది చూడకపోతే రెండు రాకలూ కలిసి పన్నెండు గంటలవుతాయి. అందుకే అర్జీలో లోపలికి, బయటికి వెళ్లిన ఫొటోలు రెండూ వేళలతో సహా అడగండి.

ఇంగ్లండులో ఉన్న మనవాళ్లకి ఈ బాధ మనకంటే ఎక్కువ. అక్కడ చెమ్స్‌ఫర్డ్‌లో బీవిస్ అనే ఆయన రెండు గంటల ఉచిత పార్కింగులో 56 నిమిషాలు అదనంగా ఉన్నాడని ప్రైవేటు కంపెనీ 85 పౌండ్లు అడిగింది. ఆయన సుప్రీంకోర్టు దాకా పోరాడి 2015 నవంబరులో ఓడిపోయాడు. బోర్డు మీద స్పష్టంగా రాసి ఉంది, చదివి బండి నిలిపావు కనుక ఒప్పుకున్నట్టే అన్నది అక్కడి తర్కం. ఇక్కడ అలా కాదు. మల్టీప్లెక్సువాడు ఎంత పెద్ద బోర్డు పెట్టినా దానిమీద జీవో ఉంది. వాడి బోర్డు దాన్ని కొట్టివేయలేదు.

ఎనభై రూపాయల కోసం ఇంత గొడవా అంటారేమో. వాళ్ల వ్యాపారం నడిచేదే మనం అలా అనుకుంటామన్న ధైర్యం మీద! రోజుకి అయిదు ఆటలు, ఆటకి వందల బండ్లు. ఒక్కొక్కరం ‘పోనీలే’ అనుకుంటే ఎంతవుతుందో మీరే లెక్కవేసుకోండి. ఈ శుక్రవారం కొత్త సినిమాకి వెళితే శుభం పడ్డాక కూడా టిక్కెట్టు జేబులోనే ఉంచండి. అడ్డుకర్ర దగ్గర మీ తరఫున సాక్ష్యం చెప్పేది అదొక్కటే.